టిజానిడిన్ మాత్రలను డాక్టరు చీటీ లేకుండా ఇవ్వవచ్చా?

కడప సభ్యురాలు:
మా అత్తగారికి డెబ్బై ఏళ్లు. నడుము పట్టేసిందని వీధి చివర మందుల షాపులో అడిగితే కండరాల బిగుతు తగ్గించే టిజానిడిన్ కలిసిన నొప్పి మాత్రలిచ్చారు. మూడో రోజు మూత్రంలో మంటగా ఉందంటే అదే షాపులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. మరునాడు తెల్లవారుజామున చాప మీద నుంచి లేచి నాలుగడుగులు వేయగానే కళ్లు తిరిగి గడప మీద పడ్డారు. ఆసుపత్రిలో రక్తపోటు 80/50 ఉంది. చీటీ లేనిదే ఈ మాత్ర ఎవరికీ ఇవ్వకూడదని నా వాదన.

ఎర్రగుంట్ల సభ్యుడు:
మీ బాధ అర్థమైందమ్మా. అయితే నాపరాళ్ల గనుల్లో బండలెత్తే మనిషి నడుము పట్టేసిన ప్రతిసారీ ఆ రోజు కూలి వదులుకుని, ఆటో ఎక్కి ప్రొద్దుటూరు వెళ్లి, ఫీజు కట్టి చీటీ రాయించుకోగలడా? షాపులో మాత్ర దొరక్కపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, అంతే.

అనంతపురం ఫార్మసిస్టు:
చట్టం ప్రకారం ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ ఉండాల్సిందే; కౌంటరు దగ్గర ఆ నియమం ఎంతమాత్రం నిలుస్తోందో మనందరికీ తెలుసు. టిజానిడిన్ నేరుగా కండరం మీద పనిచేయదు. వెన్నుపాములో నరాల సంకేతాలను తగ్గించి బిగుతును సడలిస్తుంది, ఆ క్రమంలోనే నిద్రమత్తు తెస్తుంది, నోరు ఎండబెడుతుంది, రక్తపోటును దించుతుంది. దీన్ని కాలేయంలో విరిచే ఎంజైమును సిప్రోఫ్లోక్సాసిన్ అడ్డుకుంటుంది కాబట్టి, రెండూ కలిస్తే రక్తంలో టిజానిడిన్ మోతాదు సుమారు 10 రెట్లకు చేరుతుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి అసలు వాడకూడదు. మీ అత్తగారు పడిపోవడానికి కారణం చాలావరకు ఈ జోడీయే అయి ఉంటుంది. మొదటి మాత్ర ఇచ్చిన చేతితోనే రెండోదీ ఇచ్చి, మధ్యలో ఒక్క మాట అడగకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఎర్రగుంట్ల అన్నా, మీరు చెప్పిన కూలీ విషయంలోనే నాకు ఎక్కువ భయం. మత్తులో బండ పట్టు జారితే పోయేది కాలు. నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడినవాడు ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు ఎగబాకుతుంది కూడా. ఇక మద్యం తోడైతే మత్తు రెట్టింపు. మీ గని దగ్గరి షాపులో మాత్ర ఇచ్చే ముందు "సాయంత్రం తాగుతావా?" అని ఎవరైనా అడుగుతారా?

ఎర్రగుంట్ల సభ్యుడు:
అడగరండీ. తాగనివాళ్లు మా దగ్గర తక్కువే. అయినా చీటీ మాటకు నేను ఒప్పుకోను. వారానికొక రోజైనా డాక్టరును గని దగ్గరికి పంపండి, అప్పుడు చీటీ అడగండి.