500 డాలర్లలో సెకండ్ హ్యాండ్ పిస్టల్: ఇంటికీ, వెంట పెట్టుకోడానికీ ఒకటే చాలా?

రాత్రి_డ్యూటీ

అన్నలూ, అక్కలూ, నమస్కారం. మేం డాలస్ శివారులో ఉంటాం. నేనొక గ్యాస్ స్టేషన్‌లో మేనేజర్‌ని. వారంలో నాలుగు రోజులు స్టోర్ మూసి బయటికొచ్చేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది, ఆ రోజు క్యాష్ ఒక్కోసారి నా దగ్గరే ఉంటుంది. పోయిన నెల మా వీధి చివర ఇంట్లో మనుషులు ఉండగానే దొంగలు పడ్డారు. అప్పట్నుంచి నేను ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ హాల్లో లైటు వేసుకుని కూర్చుంటోంది. ఈ టెన్షన్ ఎన్నాళ్ళని?

గన్ కొందామని ఇద్దరం అనుకున్నాం. గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాది దాటింది. ఇంతవరకు గన్ చేత్తో పట్టుకున్నది లేదు. బడ్జెట్ 500 డాలర్లు, అందుకే సెకండ్ హ్యాండ్ చూస్తున్నాం. ఒక షాపులో పోలీసులు వాడి మార్చేసిన గ్లాక్ 22 ఉంది, 320 అంటున్నారు. స్టోర్‌కి వచ్చే ఒకతను తన స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ 9 ఎంఎం 250కి ఇస్తానంటున్నాడు, పేపర్లు గీపర్లు అక్కర్లేదు క్యాష్ ఇస్తే చాలు అంటాడు. ఇంకో షాపులో మా ఆవిడని చూసి చిన్న రివాల్వర్ తీసి "లేడీస్‌కి ఇదే కరెక్ట్" అన్నారు.

ఇంట్లో ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు. హెచ్1బి మీద ఉన్న మా బావమరిది పై గదిలో ఉంటాడు. వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు? పాత గన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

హ్యూస్టన్_కౌంటర్

తమ్ముడూ, గన్ సంగతి మిగతావాళ్ళు చెప్తారు, నేను స్టోర్ సంగతి చెప్తాను. నేను తొమ్మిదేళ్ళు రాత్రి కౌంటర్‌లో నిలబడ్డాను. ఒకసారి ఇద్దరు వచ్చారు, ఒకడి చేతిలో పిస్టల్ ఉంది. నా పిస్టల్ నా నడుముకే ఉంది. తీయలేదు. వాడి వేలు అప్పటికే ట్రిగ్గర్ మీద ఉంది, నాది చొక్కా కింద ఉంది, ఆ లెక్క ఎట్లా చూసినా కుదరదు. డ్రాయర్ తెరిచి ఇచ్చేశాను, వెళ్ళిపోయారు. చేతులు వణకడం తెల్లారేదాకా ఆగలేదు కానీ పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపింది నేనే.

అందుకని ముందు ఆ క్యాష్ నీ దగ్గర లేకుండా చూడు. డ్రాప్ సేఫ్ పెట్టించమని ఓనర్‌ని అడుగు, అందులో వేసింది నువ్వు కూడా తీయలేనట్టు ఉండాలి, ఆ మాట తలుపు మీద రాసి అంటించాలి. బ్యాంకు డిపాజిట్ పగలే చెయ్యండి, రోజూ ఒకే టైముకి వెళ్ళొద్దు. మూసేటప్పుడు ఇద్దరు ఉండాలి, కారు లైటు కింద ఉండాలి. స్టోర్‌లో నీ దగ్గర గన్ ఉండటానికి ఓనర్ ఒప్పుకుంటాడా లేదా అన్నది కూడా ముందే అడిగి తెలుసుకో. గన్ ఇంకే దారీ లేనప్పటికి. సొరుగులో ఉన్న మూడొందల డాలర్ల కోసం కాదు.

రేంజ్_బాబాయ్

పన్నెండేళ్ళుగా కొత్తవాళ్ళకి షూటింగ్ నేర్పిస్తున్నాను, మనవాళ్ళు కూడా చాలామంది వచ్చారు. మీ మూడింటి గురించి చెప్తాను.

గ్లాక్ 22 అంత చవగ్గా ఎందుకు వస్తోందంటే అది 40 కాలిబర్, అంటే 9 ఎంఎం కంటే లావు తూటా. ఒకప్పుడు చాలామంది పోలీసులు ఆ 40 మోశారు. తర్వాత కొత్త రకం 9 ఎంఎం తూటాలు బాగా పనిచేస్తున్నాయని తేలాక 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ 9కి తిరిగొచ్చింది, చాలా డిపార్ట్‌మెంట్లు అదే దారి పట్టాయి, పాతవన్నీ షాపుల్లోకి వచ్చి పడ్డాయి. గన్ మాత్రం గట్టిది. పోలీసు గన్‌లు నడుముకి వేలాడింది ఎక్కువ, పేలింది తక్కువ, పైన గీతలుంటాయి కానీ లోపల బాగానే ఉంటాయి. అయినా మీకు అది వద్దంటాను. 40 చేతిలో ఎగిరిపడుతుంది, తూటాలు ఖరీదు ఎక్కువ, పైగా అది పెద్ద సైజు, చొక్కా కింద దాచడం కష్టం. కొత్తవాళ్ళు మొదటి రోజు 40 కాల్చి, రెండో రోజు నుంచి శబ్దానికి ముందే కళ్ళు మూసుకోవడం మొదలుపెడతారు, అది మాన్పించడానికి నాకు నెలలు పడుతుంది.

ఇంటికీ, వెంట పెట్టుకోడానికీ ఒకటే కావాలంటే మధ్య సైజు 9 ఎంఎం చూడండి. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ ఎం అండ్ పీ 9 కాంపాక్ట్ లాంటివి. గ్లాక్ 19 మూడో జెనరేషన్‌వి పాతవి 350 నుంచి 450 మధ్యలో దొరుకుతున్నాయి. 15 తూటాలు పడతాయి, పట్టుకోడానికి చేతికి చోటుంటుంది, కొంచెం లూజు చొక్కా వేస్తే కనిపించదు. షీల్డ్ సన్నగా ఉంటుంది, దాచుకోడానికి హాయి, కానీ ఎంత చిన్నదైతే అంత తంతుంది.

ఆ 250 షీల్డ్ విషయంలో ఒక్క మాట. టెక్సాస్‌లో ఇద్దరు నివాసుల మధ్య బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ళ నేరచరిత్ర చూడటం) లేకుండా అమ్ముకోవడం తప్పు కాదు, నిజమే. కానీ అది దొంగ సొత్తు కాదని మీకెవరు చెప్పాలి? లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్ళి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, ఫీజు చాలాచోట్ల 30, 40 డాలర్లే. అతను ఒప్పుకోకపోతే ఆ గన్ గురించి ఇక ఆలోచించక్కర్లేదు. ఇంకోటి, 2013 ఆగస్టుకి ముందు తయారైన షీల్డ్‌లకి ట్రిగ్గర్ లోపం ఉండొచ్చని కంపెనీ అప్పట్లో హెచ్చరిక ఇచ్చింది, కింద పడితే పేలే ప్రమాదం ఉందని. పాత గన్ ఏది కొన్నా సీరియల్ నంబర్ పెట్టి రీకాల్ ఉందేమో తయారీదారు సైట్‌లో చూసి తీరాలి. సిగ్ కంపెనీ పిస్టల్ పీ320 అయితే, కింద పడితే పేలకుండా 2017లో ఉచితంగా ఇచ్చిన అప్‌గ్రేడ్ చేయించారా అని అడగాలి.

ఇక చేతిలోకి తీసుకున్నాక. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి, స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (పేలబోయే తూటా కూర్చునే చోటు) చూసి, చిటికెన వేలు పెట్టి మరీ ఖాళీ అని తెలుసుకోండి, షాపువాడు ఇప్పుడే చూశాడు కదా అనుకోవద్దు. తర్వాత విప్పి చూపించమనండి. బ్యారెల్‌లోంచి లైటు వైపు చూస్తే గీతలు పదునుగా, మెలికలు తిరిగి కనిపించాలి. మధ్యలో ఉంగరంలా నల్ల చార ఉంటే ఎప్పుడో బ్యారెల్ ఉబ్బిందని అర్థం, వదిలేయండి. స్లైడ్ జారే పట్టాల దగ్గర పగుళ్ళు చూడండి. ఖాళీ గన్ ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, స్లైడ్ ఒకసారి లాగి వదిలి, ట్రిగ్గర్ మెల్లగా వదిలితే టక్ మని తిరిగి పట్టుకోవాలి. ఖాళీ మ్యాగజైన్ పెట్టి లాగితే స్లైడ్ వెనకే ఆగాలి. ఎవరో ఇంట్లో కూర్చుని ట్రిగ్గర్ మార్చిన గన్ అయితే ఎంత చవకైనా కొనొద్దు.

"నైట్ సైట్స్ (చీకట్లో మెరిసే గురి చుక్కలు) ఉన్నాయి" అని ఎక్కువ చెప్తే నమ్మకండి. వాటిలో ట్రిటియం ఉంటుంది, పన్నెండేళ్ళు దాటేసరికి వెలుగు సగమైపోతుంది, పోలీసు గన్‌లో అవి దాదాపు ఆరిపోయి ఉంటాయి. కొన్న వెంటనే రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని ముందుకి తోసే స్ప్రింగ్) మార్చండి, ఖర్చు చాలా తక్కువ. పాత గన్‌లో తూటాలు ఇరుక్కుంటే చాలాసార్లు దోషం మ్యాగజైన్‌ది, కాబట్టి కొత్తవి రెండు కొనండి. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి, శుభ్రం చేస్తూ గోడలు పేల్చినవాళ్ళు అందుకే ఉన్నారు, విప్పే ముందు ఛాంబర్ రెండుసార్లు చూడండి.

వెంట పెట్టుకునే ముందు కనీసం 200 మామూలు తూటాలు, మీరు నింపబోయే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) తూటాలు ఒక డబ్బా, ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా పేలాలి. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) కావాలి, జేబులో ఒట్టిగా పెట్టుకోవద్దు. ఇవన్నీ కలిపితే 500 సరిపోదు, 700 పైనే అవుతుంది. డబ్బు లేకపోతే రెండు నెలలు ఆగండి కానీ సేఫూ, క్లాసూ మానేసి గన్ ఒక్కటీ కొనుక్కోవద్దు.

ఇద్దరు_పిల్లల_అమ్మ

ఆ "లేడీస్‌కి రివాల్వర్" మాట నాకూ చెప్పారు, నమ్మి కొన్నాను కూడా. చిన్న గన్ కాబట్టి సులువనుకుంటారు, నిజానికి అంత కష్టమైంది ఇంకోటి లేదు. ట్రిగ్గర్ చాలా బరువు, గురి కుదరదు, ఐదే తూటాలు, తేలికగా ఉండటం వల్ల అరచెయ్యి మంట పుడుతుంది. ఇరవై తూటాలు కాల్చి పక్కన పెట్టేశాను, ఏడాది తర్వాత నష్టానికి అమ్మేశాను. మీ ఆవిడని రేంజ్‌కి (కాల్చడం ప్రాక్టీసు చేసే చోటు) తీసుకెళ్ళండి, నాలుగు రకాలు అద్దెకిస్తారు, కాల్చి చూసి ఆవిడనే చెప్పనివ్వండి. స్లైడ్ లాగడం కష్టమంటే సులువుగా లాగేలా చేసిన మోడల్స్ ఉన్నాయి, షీల్డ్ ఈజెడ్ అలాంటిదే. అందులోనూ 2020 మార్చి నుంచి అక్టోబర్ మధ్య తయారైన 9 ఎంఎంవి రీకాల్ చేశారు, చూసుకోండి.

ఇక పిల్లలు. అన్నయ్యా, దయచేసి అల్మరా పైన, దిండు కింద, బ్యాగులో అనే మాటలే వద్దు. మా పాప మూడేళ్ళప్పుడు కుర్చీ మీద స్టూలు ఎక్కించి ఫ్రిజ్ మీది చాక్లెట్ డబ్బా తీసింది, ఆ రోజు నాకు ఒళ్ళు జలదరించింది. ఒంటి మీద లేని గన్ సేఫ్‌లోనే ఉండాలి, ఆ సేఫ్ గోడకో మంచానికో బిగించి ఉండాలి. నేను బటన్ల కోడ్ ఉన్నది వాడతాను. వేలిముద్రవి కొన్ని ఎవరి వేలికైనా తెరుచుకుంటున్నాయని 2023లో వేలల్లో వెనక్కి పిలిచారు, వాటిలో ఒకదాని లోంచి తీసిన గన్ వల్ల పన్నెండేళ్ళ పిల్లాడు చనిపోయాడని కేసు కూడా పడింది. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి నిండిన గన్ అందేలా వదిలేస్తే అది నేరం కూడా.

రాత్రి చప్పుడైతే ఎవరు పిల్లల గదిలోకి వెళ్ళాలి, ఎవరు 911కి ఫోన్ చెయ్యాలి అని ముందే మాట్లాడుకోండి. తూటా మామూలు గోడల్లోంచి దూసుకుపోతుంది, కాబట్టి పిల్లల మంచం ఏ వైపు ఉందో చీకట్లో కూడా మీకు తెలియాలి. మంచి టార్చ్ లైట్ కొనండి. నీళ్ళ కోసం లేచిన మీ నాన్నగారిని దొంగ అనుకునే ప్రమాదం ఉంది, అమ్మానాన్న వస్తున్నారన్నారు కదా.

కాగితాల_కామ్రేడ్

గ్రీన్ కార్డ్, వీసాలకి సంబంధించిన చట్టం విషయం ఎవరూ ఎత్తలేదు, మీకు అన్నిటికంటే అదే ముఖ్యం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనొచ్చు. డీలర్ దగ్గర గన్ కొనేవాళ్ళు నింపే 4473 ఫారం నింపాలి, గ్రీన్ కార్డ్ మీద ఉండే ఏలియన్ నంబర్ రాయాలి, ఇప్పటి అడ్రసున్న ఐడీ కావాలి, పిస్టల్‌కి 21 ఏళ్ళు నిండాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "డిలే" (జవాబు ఆలస్యం) అని వస్తే భయపడొద్దు, మామూలే.

మీ బావమరిదికి మాత్రం ఆ గన్ దగ్గర పనే లేదు. హెచ్1బి, ఎఫ్1, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సొంతంగా కొనడమే కాదు, చేతిలో ఉన్నా లెక్కే. సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి అతని చేత కాల్పించొద్దు, సేఫ్ కోడ్ చెప్పొద్దు. అతని కోసం మీ పేరు మీద కొనడం కూడా ఫెడరల్ నేరమే. అమ్మానాన్నకీ ఇదే. మీకు కూడా పౌరసత్వం వచ్చేదాకా గన్ చట్టం కింద ఒక్క కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయొచ్చు, పౌరులకి జరిమానాతో పోయేది మీకు ఇల్లూవాకిలీ పోగొట్టొచ్చు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 దాటినవాళ్ళకి, చట్టం అడ్డు లేనివాళ్ళకి, లైసెన్స్ లేకుండానే క్యారీ చెయ్యొచ్చు, అంటే వెంట పెట్టుకోవచ్చు. అయినా లైసెన్స్ తీసుకోండి, ఫీజు 40 డాలర్లే. స్కూలుకి వెయ్యి అడుగుల లోపు గన్‌తో ఉండటం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. రోజూ పిల్లల్ని దింపే దారి ఒకసారి గుర్తు చేసుకోండి. పక్క రాష్ట్రానికి వెళ్తే అక్కడి రూల్స్ వేరు, న్యూజెర్సీలో బంధువులుంటే గన్ ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

రాత్రి_డ్యూటీ

అందరికీ చాలా థ్యాంక్స్. బావమరిది సంగతి నాకు నిజంగా తెలియదు, వచ్చే వారం వాణ్ణి కూడా రేంజ్‌కి తీసుకెళ్దామనుకున్నాను. ఆపేశాను. షీల్డ్ అతన్ని డీలర్ దగ్గరికి రమ్మన్నాను, ఫోన్ ఎత్తడం మానేశాడు. నిన్న మా ఆవిడా నేనూ బేసిక్ క్లాస్‌కి వెళ్ళాం, ఆవిడ గ్లాక్ 19తో నాకంటే బాగా కాల్చింది, రివాల్వర్ రెండు తూటాలకే కింద పెట్టేసింది. సేఫ్ ఆర్డర్ చేశాం. గన్ వచ్చే నెల జీతం పడ్డాక. డ్రాప్ సేఫ్ గురించి ఓనర్‌తో మాట్లాడాను, చూద్దాం అన్నారు, వదలను. బాబాయ్, మూడో జెనరేషన్ 19 ఒకటి 390కి చూశాను, మ్యాగజైన్ ఒకటే ఇస్తున్నారు, పర్లేదా?

రేంజ్_బాబాయ్

విప్పి చూపిస్తే, నేను చెప్పినవన్నీ సరిగ్గా ఉంటే పర్లేదు. మ్యాగజైన్ ఇంకోటి ఇవ్వమని గట్టిగా అడగండి, చాలాసార్లు ఇస్తారు. ఇంకో సంగతి, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు ఇంకెందుకూ వాడొద్దు. ఇండియా వెళ్ళేటప్పుడు అదే బ్యాగు సర్దుకుని, మూల జేబులో మర్చిపోయిన ఒక్క తూటా వల్ల అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్ళున్నారు. మీ నాన్నగారు తిరుగు ప్రయాణంలో ఖాళీ బ్యాగు ఏదైనా ఉందా అని అడిగితే ఇది మాత్రం ఇవ్వకండి.