మిద్దె మీది మందారాన్ని వాటర్ కలర్‌లో వేయడం ఎలా? బొమ్మ అయ్యేలోపే పువ్వు వాడిపోతోంది

మిద్దెతోట_సైనిక్‌పురి:
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద నలభై దాకా కుండీలున్నాయి, నాలుగేళ్లుగా పెంచుతున్నా. ఆరు నెలల నుంచి వాటినే ఎదురుగా పెట్టుకుని వాటర్ కలర్ నేర్చుకుంటున్నాను, అంటే గ్రీటింగ్ కార్డు పూలు కాదు, చూడగానే ఇది ఫలానా మొక్క అని గుర్తుపట్టేలా కొలతలు తీసి వేసే బొమ్మలు. నా ఇబ్బంది ఎర్ర రేక మందారంతో. పొద్దున్నే విచ్చుకుంటుంది, వంట అయ్యి నేను కూర్చునేసరికి పది, పెన్సిల్ పని అయ్యేసరికి మధ్యాహ్నం, రంగు కలిపేటప్పటికి రేకలు వాలిపోతున్నాయి. ఫోటో చూసి వేస్తే ఎరుపంతా ఒకే ముద్దగా వస్తోంది, ఈనెలు కనపడవు. పైగా ఈ ఏప్రిల్ ఎండకి బ్రష్ తిప్పేలోపే రంగు ఆరి చారలు పడుతున్నాయి. ట్యూబులోని శాప్ గ్రీన్ (రెడీమేడ్ ఆకుపచ్చ) నేరుగా వేస్తే ఆకులు ప్లాస్టిక్‌లా ఉన్నాయి. మందారం వదిలేయమంటారా?

రంగులడబ్బా:
వదలొద్దండి. పువ్వు ఒక్కరోజుదే కానీ మొక్క మీ ఇంట్లోనే ఉంది, పూలు కొనుక్కొచ్చి వేసేవాళ్లకి ఆ వీలు లేదు. ఒకే పువ్వుతో బొమ్మ ముగించాలనుకోకండి. మొదటి రోజు ఉత్త పెన్సిలే, డివైడర్‌తో రేక పొడవు, నడిమి కాడ పొడవు కొలిచి అసలు సైజులో గీయండి. ఐదు రేకలూ ఒకదాని అంచు మీద ఒకటి పడుతూ అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, ఆ తిరుగుడు తప్పితే ఎంత బాగా రంగేసినా అది మందారం అనిపించదు. అదే రోజు చిన్న కాగితం ముక్క మీద రంగులు కలిపి, పువ్వు పక్కన ఆనించి సరిచూసి దాచుకోండి. మర్నాడు కొత్త పువ్వును అదే కోణంలో పెట్టి రంగు వేయండి. కుండీ ఉన్నచోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే వెలుగు మారదు. ఆకులకు వారం పట్టినా అవెక్కడికీ పోవు.
ఎరుపు ముద్దవడానికి కారణం ఒకేసారి చిక్కగా వేయడం. ముందు పసుపు వైపు ఉన్న ఎరుపు పలచగా, పూర్తిగా ఆరాక గులాబీ వైపు ఎరుపు పొరలు పొరలుగా. నీడకి నలుపు వద్దు, ఆ ఎరుపులోనే చిటికెడు ఆకుపచ్చ కలపండి. ఆకులకి అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, పసుపు మీరే కలుపుకుని కాస్త బర్న్ట్ సియెన్నా, అంటే ఇటుక రంగు గోధుమ, వేయండి. ఆకు నిగనిగలాడే చోట పలచటి నీలం తప్ప ఇంకేం వేయకండి.

బోయిన్‌పల్లి_కుండీలు:
కాగితం ఏది వాడుతున్నారో చెప్పలేదు. ఇలాంటి బొమ్మలకి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం కాగితం), నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్డ్ అంటే నున్నటిది తీసుకోండి, గరుకు కాగితం మీద సన్నటి ఈనె నిలవదు. ఖరీదే, అందుకే ప్రాక్టీసు మామూలు దాని మీద. ఎండాకాలం మన ఊళ్లో తొమ్మిది దాటాక మిద్దె మీద రంగు పని కుదరదు, ఆరున్నరకే మొదలుపెట్టండి, వంట ఒక పూట ఇంకొకరు చూసుకుంటారు. ఒక్కో రేకను ముందు మంచినీళ్లతో తడిపి అప్పుడు రంగు వదిలితే చారలు రావు. ఇంకోటి, పిండినల్లికి వేపనూనె కొడుతుంటారు కదా, అది కొట్టాక ఆకు మీద జిడ్డు మెరుపు ఉంటుంది, మీరు వేసేది ఆ జిడ్డునే అవుతుంది. బొమ్మకి ఎంచుకున్న కొమ్మని ముందే కొట్టి కడిగి ఉంచుకోండి. ఎండపూట మాత్రం కొట్టకండి, ఆకులు మాడతాయి.

సామర్లకోట_అల్లుడు:
ఇది మనవాళ్లకి కొత్త విద్య కాదండీ. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు, వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. వేసినవాళ్ల పేర్లే చాలావరకు మిగల్లేదు, తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కాబట్టి మీరు ప్రతి బొమ్మ కింద మీ పేరు, తేదీ, మొక్కని మీ ఇంట్లో ఏమని పిలుస్తారో తప్పకుండా రాయండి. వాడిన పువ్వుని పారేయకుండా నిలువుగా కోసి లోపలి భాగాలు కూడా ఒక మూల వేయండి, ఆ పాత బొమ్మల్లోనూ అలా విడిగా వేసినవి ఉంటాయి.

మిద్దెతోట_సైనిక్‌పురి:
చాలా థ్యాంక్సండీ. నా కాగితం కోల్డ్ ప్రెస్డ్, అంటే కాస్త గరుకుది, తప్పు అక్కడ కూడా ఉందన్నమాట. ఈ పొద్దున ఆరున్నరకే కూర్చుని పెన్సిల్ పని, రంగు ముక్కలు పూర్తి చేశా, మా ఆయన ఉప్మా చేశారు. తిరుగుడు మీరు చెప్పాకే చూశాను, ఇన్నాళ్లూ రెండు రేకల్ని తారుమారుగా వేస్తున్నా. అదే కొమ్మకి రేపటికి ఒక మొగ్గ ఉంది, రంగు వేశాక ఇక్కడే పెడతాను.