చెరువు మట్టికి, జీలుగకు సర్కారు సొమ్ము ఇవ్వాలా?

పరకాల పత్తిచేను:
నేలను, నీటిని కాపాడే పనులకు ప్రభుత్వం రైతుకు డబ్బు ఇవ్వాలని కొందరు అడుగుతున్నారు. నాకు మింగుడుపడడం లేదు. ఎవరి పొలం వారు బాగు చేసుకోవడానికి ఖజానా ఎందుకు? 2018లో రైతుబంధు వచ్చినప్పుడు, పడావు భూములకూ ఎకరాల లెక్కన డబ్బు పడింది. మళ్లీ అదే తంతా?

నర్సంపేట మిర్చి:
తమ్ముడూ, పొలం సొంతమే, కిందున్న నీళ్లు సొంతం కాదు. నా బోరు గట్టిగా లాగితే పక్కవాడి బోరు ఎండుతుంది. అతను కుంట తవ్వి ఇంకించిన వాన నాకూ అందుతుంది. లాభం పదిమందిదైతే ఖర్చు ఒక్కడి నెత్తిన ఎందుకు?

2015లో మొదలైన మిషన్ కాకతీయనే చూడు. అప్పట్లో చెరువు పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ట్రాక్టర్ కిరాయి రైతుది. జేబులోంచి కిరాయి కట్టినవాడు మట్టిని ఊరికే పారబోయడు. చల్క నేల ఎక్కడ బలం తగ్గి తేలిపోయిందో చూసి అక్కడే పోయిస్తాడు. నేను అడిగేది ఈ పద్ధతే.

హన్మకొండ ఉద్యోగి:
మరి డ్రిప్పు సంగతి? రాష్ట్రం వచ్చాక ఎస్సీ, ఎస్టీలకు నూరు శాతం, బీసీలకు, సన్న, చిన్నకారు రైతులకు 90, మిగతావారికి 80 శాతం రాయితీ పెట్టారు. మా బంధువుల ఊరిలో ఆ పైపులు ఎలుకలు కొరికి కొట్టం పక్కన చుట్టలుగా పడి ఉన్నాయి. పొలంలో వరి! 2018 జనవరి నుంచి మోటారుకు 24 గంటల ఉచిత కరెంటు ఇస్తూ, నీళ్లు పొదుపు చేయమని పైపులూ ఇస్తే ఎవరు వింటారు?

నర్సంపేట మిర్చి:
వరి అయితే కొంటారన్న ధీమా ఉంది సార్, కందికీ పెసరకూ అంత ధీమా లేదు. అందుకే పైపులు కొట్టం ఎక్కాయి. నా మిర్చి తోటలో డ్రిప్పు నడుస్తూనే ఉంది, ఎరువూ దానిలోనే పోతుంది.

సరుకుకు కాదు, పనికి డబ్బు ఇవ్వాలి. పొలంలో పెంచి పచ్చిగానే ఎరువుగా దున్నేసే జీలుగ విత్తనానికి రాయితీ ఉంది. బస్తా ఇంటికి చేరాక చల్లారా, పూత మొదలయ్యే వేళకు కలియదున్నారా అని చూసేవారు లేరు. ముదరనిస్తే కాడ నారెక్కి తొందరగా కుళ్లదు, నాట్లప్పుడు కాళ్లకు గుచ్చుకుంటుంది. దున్నాక డబ్బు వేస్తే ఎవరైనా అదునులోనే దున్నుతారు.

జనగామ దారి:
లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి 2006లోనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. సేంద్రియ సాగుకు కేంద్రం పరంపరాగత్ కృషి వికాస్ యోజన తెచ్చింది 2015లో. డబ్బు కంటే ముందు ఊరి కట్టుబాటు ఉండాలి.

వర్ధన్నపేట కౌలుదారు:
పట్టాదారులు బాగానే మాట్లాడుకుంటున్నారు. చెరువు మట్టి బలం కొన్నేళ్లు ఉంటుంది, నా కౌలు ఒక్క ఏడాదికి. పొలం బాగుపడిందని వచ్చే ఉగాదికి కౌలు పెంచుతారు, లేదా ఇంకొకరికి ఇస్తారు. రాయితీ మాత్రం పాస్‌బుక్కు ఉన్నవారి ఖాతాలో పడుతుంది. పని చేసినవాడికే డబ్బు అంటున్నారు కదా, చేసింది ఎవరో గ్రామసభలో అందరి ముందూ చెప్పించండి. అప్పుడు నేనూ మట్టి తోలిస్తాను.

పరకాల పత్తిచేను:
అలాగైతే నాకూ అభ్యంతరం లేదన్నా. కానీ సభను వీడియో తీయాలి. సభ జరగకుండానే రిజిస్టరులో సంతకాలు నిండే ఊళ్లు నాకు తెలుసు.