సింగపూరు, బర్మా యుద్ధఖైదీల బెరిబెరి: తెలియక జరిగిందా, తెలిసే వదిలేశారా?

పెన్నాగట్టు:
1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను సైన్యానికి లొంగిపోయాక అక్కడి చాంగీ శిబిరంలోనూ, జపాను వేయించిన సయాం (థాయ్‌లాండ్)-బర్మా రైలుమార్గం (415 కి.మీ.) శిబిరాల్లోనూ ఖైదీల తిండి ముఖ్యంగా తెల్లబియ్యమే. "విటమిన్ల సంగతి ఆ రోజుల్లో ఎవరికి తెలుసు" అని ఇక్కడొకరు రాశారు. నేనొప్పుకోను. జపాను నౌకాదళ వైద్యుడు తకాకి 1880ల్లోనే నావికుల తిండిలో మాంసం, బార్లీ పెంచి బెరిబెరిని (బి1 విటమిన్ లోపంతో నరాలు, గుండె దెబ్బతినే జబ్బు) దాదాపు లేకుండా చేశాడు. 1910లో జపాను శాస్త్రవేత్త సుజుకి ఉమెతారో ఆ జబ్బును పోగొట్టే పదార్థాన్ని (ఇప్పుడు మనం బి1 అనేది) తవుడులోంచే తీశాడు.

ఒంగోలుగిత్త:
అన్నా, తెలియడం వేరు, అందడం వేరు. 1943 వానలకు అడవి దారులు బురదై లారీలు కూరుకుపోయాయి. పైగా తవుడు నిలవదు. కోవూరు, బుచ్చి మిల్లుల్లో ఎవర్నడిగినా చెబుతారు: ఆడిన వెంటనే వేడి చూపించకపోతే అందులోని నూనె చెడి చేదెక్కుతుంది, పురుగు పడుతుంది. వారాలు ప్రయాణం చేసిన తవుడు ఎవరు తింటారు?

డెల్టావడ్లు:
లెక్క చూద్దాం. మనిషికి రోజుకు సుమారు 1.2 మి.గ్రా. బి1 కావాలి. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం అర కిలో తిన్నా 0.35 దాటదు. కడిగి గంజి వారిస్తే అదీ తగ్గుతుంది. 40 గ్రాముల తవుడు కలిస్తే ఇంకో 1 మి.గ్రా. వస్తుంది. ఒంట్లో నిలవ రెండు మూడు వారాలకే. తర్వాత పాదాల్లో తిమ్మిర్లు, పిక్కల నొప్పి. కొందరికి కాళ్లు నీరుపడతాయి: బొటనవేలితో అదిమితే పడ్డ గుంట అలాగే ఉంటుంది. గుండె మీదికి వస్తే మనిషి దక్కడు.

పచ్చి తవుడు మింగిస్తే విరేచనాలు ముదురుతాయి, రక్తవిరేచనాలున్న రోగికి అది పనికిరాదు. వేయించి, జల్లించి, గంజిలో కలపాలి. పెసలు, వేరుశనగలు దొరికితే ఇంకా మేలు.

అసలు తవుడే ఎందుకు, ఉప్పుడుబియ్యం లేవా? వడ్లు నానబెట్టి ఉడికిస్తే బి1 పైపొర నుంచి గింజలోకి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. నిలవకూ ఢోకా లేదు. ఉప్పుడుబియ్యం తినే తమిళ కూలీలకు ఈ జబ్బు అరుదని మలయాలో బ్రాడన్ అనే వైద్యుడు 1907 నాటికే రాశాడు. ఆ గడ్డ మీదే తేలిన సంగతి ఇది!

ఒంగోలుగిత్త:
ఉప్పుడుబియ్యం మాటకు నా దగ్గర జవాబు లేదు, తవుడు నిలవదన్న వాదన వెనక్కి తీసుకుంటున్నా. బురద మాట మాత్రం వదలను. బస్తా చేరని చోట ఏ బియ్యమైతేనేం?

పెన్నాగట్టు:
బురద అందరికీ ఒకటే కదా. ఆ మార్గం మీద పనిచేసిన మిత్రదేశాల ఖైదీలు సుమారు 60,000 మంది, పోయినవారు 12,000 పైన. మలయా తోటల నుంచి తెచ్చిన తమిళులు, మన తెలుగువాళ్లు, బర్మా, జావా కూలీలు పోయింది 90,000 దాకా అని అంచనా. ఖైదీల్లో వాళ్ల సొంత డాక్టర్లుండేవారు: నీళ్లు కాచి తాగించారు, మరుగుదొడ్లు దూరంగా తవ్వించారు, దొరికిన పెసలు ముందు రోగులకు పంచారు. కూలీ లైన్లలో (కూలీలుండే గుడిసెల వరుసల్లో) చాలాచోట్ల ఆ మాట చెప్పే మనిషే లేడు. చేరిన బస్తాలో ఏ బియ్యం పోయాలో, ఏ లైనుకు డాక్టర్ని పంపాలో నిర్ణయించింది వాన కాదు గిత్తన్నా.