అప్‌డేట్: బీచ్ రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జి వెనక్కి వచ్చింది

విశాఖ బీచ్ రోడ్డులోని ఓ స్టార్ హోటల్లో లంచ్ బిల్లుకు 10 శాతం సర్వీస్ చార్జి, 18 శాతం జీఎస్టీ వేశారు, రెండూ కట్టాల్సిందేనా అని అడిగాను కదా, తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది 1915 నంబరు హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయమన్న సలహానే. అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, అందులో బిల్లు ఫొటో పెట్టి ఫిర్యాదు చేశాక డబ్బు వెనక్కి వేశారు. సర్వీస్ చార్జిని హోటళ్లు బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది.

లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. తిన్నది 6,000, సర్వీస్ చార్జి 600. జీఎస్టీ ఆ మొత్తం 6,600 మీద పడి 1,188 అయింది. అంటే రావాల్సింది 600 కాదు, పన్నుతో కలిపి 708. మొదట 600 ఇస్తామన్నారు, బిల్లులో ఈ లైను చూపిస్తే ఒప్పుకున్నారు.

18 శాతం సరైనదే. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లకు అంతే, విడి రెస్టారెంట్లకైతే 5. సీ వ్యూ ఉన్నందుకే పన్ను ఎక్కువన్నారు కొందరు, దానికి పన్నుతో సంబంధం లేదు. నీళ్ల సీసాకు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోకూడదన్న వాదన కూడా నిలవదు, హోటళ్లు ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది.

వీలైతే కార్డు ఇచ్చే ముందే సర్వీస్ చార్జి తీసేయమని అడిగి, కొత్త బిల్లు కొట్టించుకోండి.