ఎస్సీ వర్గీకరణ: రాష్ట్రం యూనిట్టా, జిల్లా యూనిట్టా?

ఆలూరోడు: 2025 ఏప్రిల్‌లో ఆంధ్ర సర్కారు తెచ్చిన ఆర్డినెన్సులో మన ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను మూడు ముక్కలు చేసినారు. రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5. రాష్ట్రమంతా ఇదే. కర్నూలు జిల్లాలో మాదిగలే ఎక్కువని తెలియనోడు ఎవడుండాడు? టీచరు పోస్టులేమో జిల్లావారీ, వాటాలేమో కోస్తా జనాన్ని కూడా కలిపి. ఇదేం న్యాయం?

తుంగభద్ర: 2026 జనాభా లెక్కలయినాక జిల్లావారీ చేస్తామన్నారు కదప్పా. నా బాధ వేరే. ఎస్సీలంతా ఒకటే, చీల్చకూడదని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు చెప్పినారు. 2024 ఆగస్టు 1న ఏడుగురి బెంచిలో ఆరుగురు దాన్ని కొట్టేసినారు. అంబేడ్కర్ జయంతికి కలిసి దండలేసినోళ్లం, ఇప్పుడు ఏ పోస్టు ఏ గ్రూపుకని చెప్పే రోస్టరు పాయింట్ల కాడ కొట్లాడుకుంటాండాం.

ఆలూరోడు: లెక్కలు చూపించి విభజించాలని ఆ తీర్పులోనే ఉండాది. నేనడిగేదీ లెక్కే. జిల్లా లెక్క.

పత్తికొండ పిల్లోడు: మళ్లీ డీఎస్సీ ఎప్పుడో చెప్పండన్నా ముందు.

తుంగభద్ర: మా తమ్మునికి మంచి మార్కులొచ్చినాయి, పోస్టు రాలేదు. తక్కువొచ్చినోనికి గ్రూపు వేరని వచ్చింది. మాలోళ్లు అంతా తినేసినారంటారు. బేల్దారి పనికి పోయే మా నాయన ఏం తిన్నాడు?

ఆలూరోడు: వర్గీకరణకు తెచ్చిన 2000 చట్టం ఉన్నప్పుడు మా చిన్నాయనకు ఉద్యోగమొచ్చింది. 2004లో ఆ చిన్నయ్య తీర్పుతో అది పోయినాక మా ఇంట్లో ఇంకొకటి లేదు. ఇదీ రాసుకో.

గుత్తి కోట: క్రీమీ లేయర్ పెట్టి, బాగుపడినోళ్లను రిజర్వేషన్ నుంచి తీసేస్తే గొడవే ఉండదు. ఆ ఏడుగురి బెంచిలోని జస్టిస్ గవాయ్ కూడా అదే అన్నారు. కలెక్టరు కొడుక్కు ఎందుకు?

తుంగభద్ర: కుదరదని కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులోనే చెప్పింది. నువ్వు మధ్యలో దూరొద్దు.

ఆలూరోడు: మా ఇంట్లో కలెక్టరు పుడితే నీకు కబురు చేస్తాం లే.

తుంగభద్ర: చూడు, వీనికి జవాబు చెప్పాలంటే ఇద్దరం ఒకటే. ఇంట్లోనే చీలిక ఎందుకు అంటాండా.

ఆలూరోడు: ఏ ఇల్లప్పా? మీ పెండ్లికి డప్పు కొట్టేకి పిలిచినారే, బంతిలో కూర్చోబెట్టినారా? మా అక్క మీ పేట పిల్లోణ్ణి చేసుకుంటానంటే మీ పెద్దోళ్లు ఏమన్నారో ఈడ రాయలేను. పిల్లనిచ్చి పుచ్చుకునే కాడ వేరే. ఉద్యోగాల కాడ మాత్రం ఒకటేనా?

తుంగభద్ర: ఆ పాడు మా ఊర్లోనూ ఉండాది. దానికి మా తమ్ముడు ఎందుకు కట్టాల? అయితే జిల్లా యూనిట్టు అనేది ఉత్త సాకేనా?

ఆలూరోడు: సాకు కాదు. అదీ కావాల, ఇదీ కావాల.