సెలబ్రిటీ క్విజ్ ఎపిసోడ్లలో పాత సినిమాల ప్రశ్నలు మరీ ఇంత తేలిగ్గా ఎందుకు ఇస్తున్నారు?

అడిగింది: బ్లాక్ అండ్ వైట్ అభిమాని, నల్లకుంట

అందరికీ నమస్తే. 2014లో మా టీవీలో నాగార్జున గారితో మీలో ఎవరు కోటీశ్వరుడు మొదలైనప్పట్నుంచి మా ఇంట్లో క్విజ్ షో టైమంటే అందరం టీవీ ముందే, 2017లో చిరంజీవి గారు చేసిందీ చూశాం, 2021లో జెమినీలో ఎన్టీఆర్ చేసిన ఎవరు మీలో కోటీశ్వరులు కూడా వదల్లేదు. మామూలు కంటెస్టెంట్లు వచ్చినప్పుడు నాకు చాలా ఇష్టం, ఎక్కడో చిన్న ఊరి నుంచి వచ్చి పురాణాలు, రాజ్యాంగం, క్రికెట్ అన్నీ చదువుకుని కూర్చుంటారు, వాళ్లు లైఫ్‌లైన్ వాడుతుంటే మనకి చేతులు చల్లబడతాయి.

సెలబ్రిటీ వచ్చిన రోజే నాకు బాధ. మాటలు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ, అది సరే పండగ ఎపిసోడ్ అనుకుందాం. కానీ సినిమావాళ్లు వచ్చి కూర్చున్నప్పుడైనా పాత సినిమా మీద ఒక మంచి ప్రశ్న పడాలి కదా? ఈ మధ్య ఒక ఛానల్లో చూశాను (పేరు వద్దులెండి), మాయాబజార్ బొమ్మ చూపించి ఇందులో ఘటోత్కచుడు ఎవరు అని అడిగారు. ఎస్వీ రంగారావు గారిని గుర్తుపట్టనివాళ్లు తెలుగునాట ఉంటారా అండి. అదే సినిమా మీద, మొత్తం సినిమాలో ఒక్కసారి కూడా కనపడనిది ఎవరు అని అడిగి ఆప్షన్లలో పాండవులు పెట్టి చూడండి, వందసార్లు చూసినవాళ్లు కూడా ఆగి ఆలోచిస్తారు. అభిమన్యుడి పెళ్లి కథ అంతా నడుస్తుంది, తండ్రి అర్జునుడు తెర మీదకే రాడు! అలాంటి ప్రశ్న పడితే ఇంట్లో పిల్లలు కూడా సినిమా పెట్టమని అడుగుతారు. పాత సినిమా మనకి తెలిసిన విషయమే అని వదిలేస్తున్నారు, నాకైతే చాలావరకు మనకి తెలీదు అనే అనిపిస్తుంది. హీరో పేరు, పాట పల్లవి, అక్కడితో సరి. తీసినవాళ్ల గురించి ఎవరూ అడగరు. మీరేమంటారు?

జవాబు: కూకట్‌పల్లి మాధవి

మీ బాధ అర్థమైందండి కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. ఈ షోలన్నిటికీ మూలం 1998లో బ్రిటన్‌లో వచ్చిన షో, 2000లో అమితాబ్ గారితో హిందీలోకి వచ్చింది, ఆ ఫార్మాట్లోనే మొదటి ప్రశ్నలు తేలిగ్గా ఉంటాయి, మనిషి సీట్లో కుదురుకోవాలి కదా. పైగా సెలబ్రిటీలు ఆడేది ఏదో ఒక ట్రస్ట్ కోసం, వాళ్లని నాలుగో ప్రశ్నకే ఇంటికి పంపిస్తే ఆ డబ్బు కూడా వెళ్లదు. మా అత్తగారైతే ఆప్షన్లు రాకముందే జవాబు చెప్పేసి ఆ రోజంతా హుషారుగా ఉంటారు, ఆవిడకి ఆ ఆనందం కూడా ముఖ్యమే అని నేను గట్టిగా నమ్ముతాను. కానీ చివరి ప్రశ్నల్లో అయినా పాత సినిమా రావాలన్నది మాత్రం ఒప్పుకుంటాను, అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో విదేశీ అవార్డో, అంతరిక్ష నౌకో అడుగుతారు, మన సినిమా చరిత్ర ఆ స్థాయికి పనికిరాదా?

జవాబు: చిక్కడపల్లి పెద్దాయన

బాబూ, చాలా మంచి విషయం ఎత్తావు. నేను క్రాస్ రోడ్స్ థియేటర్ల చుట్టూ తిరిగి పెరిగినవాణ్ణి, అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న కష్టంగా ఉందా తేలిగ్గా ఉందా అన్నది ప్రశ్నలో ఉండదు, ఆప్షన్లలో ఉంటుంది. మాయాబజార్ దర్శకుడు ఎవరు అని అడిగి పక్కన ముగ్గురు ఇప్పటి దర్శకుల పేర్లు పెడితే చిన్నపిల్లాడైనా చెప్తాడు. అదే ప్రశ్నకి కె.వి. రెడ్డి, బి.ఎన్. రెడ్డి, హెచ్.ఎం. రెడ్డి, నాగిరెడ్డి అని పెట్టు, అప్పుడు తెలుస్తుంది ఎవరికెంత తెలుసో. నలుగురూ మహానుభావులే. 1932లో మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద తీసింది హెచ్.ఎం. రెడ్డి గారు, 1951లో మల్లీశ్వరి బి.ఎన్. రెడ్డి గారిది, అదే ఏడాది పాతాళభైరవి, 1957లో మాయాబజార్ కె.వి. రెడ్డి గారివి, ఆ రెండిటికీ నిర్మాత విజయా నాగిరెడ్డి గారు, చక్రపాణి గారితో కలిసి. జవాబు తప్పు చెప్పినా సరే ఆ నాలుగు పేర్లూ ఒకసారి చెవిన పడితే అదే పదివేలు.

ఇంక మాయాబజార్‌లో వెన్నెల సంగతి ఎవరైనా అడిగారా ఇన్నేళ్లలో? ఆ పడవ పాటలో వెన్నెల చూసి మనం మురిసిపోతాం, అది మార్కస్ బార్ట్లీ అనే ఛాయాగ్రాహకుడు లైట్లతో పుట్టించిన వెన్నెల. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం కూడా ఆయన కెమెరా పనే, కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లో. గోఖలే, కళాధర్ గార్లు వేసిన సెట్లు, పింగళి నాగేంద్రరావు గారి మాటలు, అసిస్టెంట్‌గా పనిచేసిన కుర్రాడు తర్వాత పెద్ద దర్శకుడైన సింగీతం శ్రీనివాసరావు. ఒక్క సినిమా మీదే వారం రోజుల షో నడపొచ్చు బాబూ.

జవాబు: ఉప్పల్ పిల్లగాడు

అన్నా నాకైతే పాత సినిమాలు అస్సలు తెల్వకుండె, 2010ల మాయాబజార్ రంగుల్ల రిలీజైనప్పుడు మా నాయన బలవంతంగ తీస్కపోయిండు, అట్ల అలవాటైంది. ఆ రంగులేసింది గూడ మన హైదరాబాద్ కంపెనీనే, గోల్డ్‌స్టోన్ వాళ్లు, గిది క్విజ్‌ల అడగాలె కదా. తర్వాత యూట్యూబ్‌ల బ్లాక్ అండ్ వైట్‌ది చూసిన, నాకు అదే మస్తు నచ్చింది, నీడలు మంచిగ కనవడతయ్ దాంట్ల.

నా వయసోళ్లకి పాత సినిమా అంటె రీ-రిలీజే, 2022ల పోకిరి మళ్ల ఏసినప్పుడు థియేటర్ల ఎంత లొల్లి. గా లొల్లిల సగమన్న గుండమ్మ కథకి రావాలని నా కోరిక, గది ఎన్టీఆర్ 100వ సినిమా, ఏఎన్నార్ 99వ సినిమా అంట, ఇద్దరు అంత పెద్ద హీరోలయ్యుండి సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతమ్మ పాత్రది. ఇప్పుడు ఏ హీరో ఒప్పుకుంటడన్నా గట్ల? సెలబ్రిటీ వచ్చి కూసున్నప్పుడు ఇసొంటిది అడిగి, మరి మీరైతే చేస్తరా అని హోస్ట్ అడగాలె. అప్పుడు ముచ్చట గూడ మంచిగుంటది, ప్రశ్న గూడ ఉంటది.

జవాబు: బ్లాక్ అండ్ వైట్ అభిమాని, నల్లకుంట

ఉప్పల్ తమ్ముడూ, సూపర్ చెప్పావు, మాటలు ఎక్కువని నేను అన్నది వెనక్కి తీసుకోను గానీ ప్రశ్న నుంచి మాట పుడితే మాత్రం ఎంతసేపైనా వింటాను. మాధవి గారూ, మీ అత్తగారి మాట నిజమే, మొదటి ప్రశ్నలు అలాగే ఉండనివ్వండి, నా పోరు పై ప్రశ్నల గురించే.

వచ్చే నెల మా అపార్ట్‌మెంట్‌లో పండక్కి సినిమా క్విజ్ పెడుతున్నాం, ప్రశ్నలు నేనే రాయాలి. పెద్దాయన గారూ, మీరు చెప్పిన నలుగురు రెడ్ల ప్రశ్న తీసుకుంటున్నాను. హైదరాబాద్‌కి సంబంధించి పాత సినిమాల్లోంచి ఏదైనా ఉందా? మద్రాసు సంగతులే ఎక్కువ దొరుకుతున్నాయి నాకు.

జవాబు: చిక్కడపల్లి పెద్దాయన

తప్పకుండా వాడుకో. హైదరాబాద్ అంటే అమీర్‌పేట సారథి స్టూడియో గురించి అడుగు. ఇప్పుడు రోజూ మెట్రోలో ఆ పక్క నుంచి వెళ్లేవాళ్లకి కూడా తెలీదు, పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన మొదటి తెలుగు సినిమా 1959లో వచ్చిన మా ఇంటి మహాలక్ష్మి, అక్కడ తీసిందే. ఆప్షన్లలో అన్నపూర్ణ స్టూడియో తప్పకుండా పెట్టు, సగం మంది అదే అంటారు, కానీ నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ కట్టింది 1970లలో.

ఇంకోటి, మిస్సమ్మ మీద. అందులో టైటిల్ పాత్రకి మొదట తీసుకున్నది ఎవరిని అని అడుగు. భానుమతి గారు. ఆవిడతో కొన్ని రీళ్లు తీశాక మాటపట్టింపు వచ్చి సావిత్రి గారికి వెళ్లింది ఆ పాత్ర, అంతకుముందు సావిత్రి గారు వేయాల్సిన చెల్లెలి పాత్ర జమున గారికి వెళ్లింది. ఆప్షన్లలో అంజలీదేవి, జి. వరలక్ష్మి, షావుకారు జానకి పెట్టు.

జవాబు: కూకట్‌పల్లి మాధవి

ఈ మిస్సమ్మది ఇప్పుడే మా అత్తగారిని అడిగాను, ఆప్షన్లు చెప్పకుండానే. భానుమతి అని ఠక్కున చెప్పి, ఆ రోజుల్లో ఈ సంగతి మీద ఇంట్లో ఎంత చర్చ జరిగేదో చెప్పడం మొదలుపెట్టారు. మీ క్విజ్‌కి బయటివాళ్లు రావచ్చా? వస్తే ఆవిణ్ణి తీసుకొస్తాను, డేట్ చెప్పండి.